క్రొత్త గడియారమునకు పాత వన్నె

"క్రొత్త యొక వింత, పాత యొక రోత" అని మన సామెత. ఇత్తడి బిందెకును రాగి చెంబునకును పట్టిన చిలుమును చింతపండుతో తోమి వదలించుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న అలవాటు. ఆ తోముడును చూచి గుండెలు బాదుకొనువారు చరిత్ర పరిశోధకులు మాత్రమే. పొలములో నాగటికి తగిలిన తామ్రశాసనమును రైతు పాపము శుభ్రముగా రుద్ది తెచ్చినచో, అక్షరములు మిగిలినను, ఆ రేకు ఎంతకాలము మట్టిలో నున్నదో చెప్పగల పైపొర పోవును. అట్టి పైపొరకు గల విలువను పాశ్చాత్యదేశములలోని గడియారపు ప్రియులు గడచిన కొన్ని దశాబ్దములలో బాగుగా గుర్తించిరి. గుర్తించుటతో ఆగక, దానిని చేతితో తయారుచేయుటయు నేర్చిరి. సముద్రములో మునుగువారు పూర్వము ధరించిన గడియారమునకు నకలుగా క్రొత్తదానినొకదానిని తీసికొని, అది యేబది యేండ్లు ఉప్పునీటిని, ఎండను, ఓడల ఇనుప నిచ్చెనలను చవిచూచినట్లు కనబడుటకై దానిని రుద్ది, గీచి, కాల్చి, నానబెట్టుట ఇప్పుడొక కళగా సాగుచున్నది. కొందరికది వినోదము, కొందరికి వ్యాపారము, మరికొందరికి దొంగతనము. ఈ మూడింటిని వేరుచేసి చూడవలెనన్న, అసలు గడియారము ఎందుకు పుట్టినదో, అది యెట్లు ముసలిదగునో మొదట తెలిసికొనవలెను.

చేతిగడియారమునకు నీరు పుట్టుశత్రువు. పెట్టెలో ఒక్క చుక్క చొచ్చినను లోపలి ఉక్కు త్రుప్పు పట్టును. 1926 లో రోలెక్సు సంస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ మరలతో బిగియు మూతయు, మరతో బిగియు కీయును గల పెట్టెను వెలువరించి, దానికి 'ఆయిస్టర్', అనగా ఆల్చిప్ప, యని పేరు పెట్టెను. మరుసటి యేడు అక్టోబరులో మెర్సిడీస్ గ్లైట్జ్ అను ఆంగ్లయువతి ఇంగ్లీషు ఛానలును ఈది పేరు తెచ్చుకొనెను. ఆమె ఈతను కొందరు శంకింపగా, అదే నెలలో రెండవమారు నీటిలో దిగెను. ఆ పర్యాయము ఆమెతోపాటు ఒక ఆయిస్టరు గడియారమును ప్రయాణము చేసెను. చలికి ఆగలేక ఆమె ఈత ముగింపలేకపోయెను గాని గడియారము ఆగలేదు. విల్స్‌డార్ఫ్ నవంబరులో 'డైలీ మెయిల్' పత్రిక మొదటి పుట నిండ ప్రకటన వేయించెను. నీటికి చెడని గడియారము లోకమునకు పరిచయమైనది ఈ ప్రకటన ద్వారా ననవచ్చును. కాని ఈదుట వేరు, మునుగుట వేరు.

మునుగుటకు గడియారము కావలెనని మొదట పట్టుబట్టినవారు యుద్ధము చేయువారు. ఫ్లారెన్సు నగరమునందలి పనేరాయ్ అను సంస్థ ఇటలీ నౌకాదళమునకు పనిముట్లు సమకూర్చుచుండెను. చీకటిలో వెలుగు రేడియము పూతకు వారు 'రేడియోమిర్' అని పేరు పెట్టుకొనిరి. 1936 లో ఆ పూతతో పెద్ద చేతిగడియారముల నమూనాలను నౌకాదళమునకు చూపిరి. పెట్టెలు రోలెక్సు వారు చేసి యిచ్చినవి. ఆ దళములోని గజయీతగాండ్రు ఆరుగురు, మనిషి యెక్కి నడుపు టార్పెడోలు మూడింటిపై, 1941 డిసెంబరులో ఒక రాత్రి అలెగ్జాండ్రియా రేవులో దూరి, 'క్వీన్ ఎలిజబెత్', 'వేలియంట్' అను రెండు బ్రిటిషు మహానౌకలను పేల్చి కదలలేకుండ చేసిరి. అట్టి పనికి గడియారము అలంకారము కాదు. పేలుడు మందు పెట్టిన పిమ్మట ఎన్ని నిమిషములు మిగిలినవో ఆ నల్లని నీటిలో చూపునది అది యొక్కటే.

యుద్ధము నడుచుచుండగనే, 1943 లో, ఫ్రాన్సులో జాక్-ఈవ్ కూస్తో, ఎమీల్ గాన్యాఁ అను ఇద్దరు కలసి, వీపున గాలిసీసాతో మునుగుటకు వీలైన 'ఆక్వాలంగు'ను సిద్ధము చేసిరి. దీనితో కాలము లెక్కించు బాధ్యత చేతులు మారెను. అంతకు పూర్వము మునుగువానికి పైనుండి గొట్టము ద్వారా గాలి వచ్చుచుండెను. పడవలో నున్నవాడు కాలమును చూచి త్రాడు లాగి పిలిచెడివాడు. ఇప్పుడు మునుగువాడు ఒంటరి. సీసాలో గాలి యెంత మిగిలినదో, పైకి వచ్చునప్పుడు నడుమ ఎంతసేపు ఆగవలెనో అతడే చూచుకొనవలెను. లోతున రక్తములో కరగిన నత్రజని మెల్లగా విడువనిచో అది బుడగలై కీళ్లను, మెదడును దెబ్బతీయును. పది నిమిషముల పొరపాటునకు ప్రాణమే మూల్యము.

1952 లో ఫ్రెంచి నౌకాదళమునందు జలయోధుల దళము నొకదానిని నిర్మించుచున్న రోబేర్ మలూబియే, క్లోద్ రిఫో అను అధికారులు తమకు తగిన గడియారము అంగళ్లలో దొరకదని గ్రహించి, దాని రూపమును కాగితముపై తామే గీచిరి. నల్లని డయలు, పెద్ద యంకెలు, త్రికోణము, వృత్తము, చతురస్రము వంటి స్పష్టమైన గుర్తులు, గాజు చుట్టును తిరిగెడి ఒక వలయము. ఈ వలయమే మునుగుడు గడియారమునకు ఆయువుపట్టు. నీటిలో దిగునపుడు దానిపై గల గుర్తును పెద్దముల్లునకు ఎదురుగా త్రిప్పి యుంచినచో, తరువాత ఎన్ని నిమిషములు గడచినవో కూడికలు తీసివేతలు లేకుండ కంటికి కనబడును. మొదట ఒక ఫ్రెంచి గడియారపు సంస్థ ఇట్టి వస్తువునకు భవిష్యత్తు లేదని త్రిప్పి పంపినదని మలూబియే తరువాతి కాలమున చెప్పుకొనెను.

స్విట్జర్లాండులో బ్లాంపేన్ అను పాత గడియారపు సంస్థను 1950 నుండి నడుపుచున్న జాఁ-జాక్ ఫిష్టర్ అప్పటికే అట్టిదానికై ప్రయత్నించుచుండెను. ఆయనకును మునుగుట సరదా. దక్షిణ ఫ్రాన్సు తీరమున ఒకమారు లోతున కాలము మరచి, సీసాలో గాలి అయిపోయి, ఆగవలసిన చోట ఆగక పైకి వచ్చి ప్రాణముతో బయటపడెను. ఆ అనుభవముతో ఆయన కీకి రెండు బిగింపు పట్టీలు పెట్టించెను. చేతికదలికచే తానై కీ చుట్టుకొను యంత్రమును అమర్చి, కీని మాటిమాటికి లాగు పని తప్పించెను. తిరుగుడు వలయము పొరపాటున కదలకుండుటకు ఉపాయము చేసెను. 1953 లో వెలువడిన ఆ గడియారమునకు 'ఫిఫ్టీ ఫాదమ్స్' అని పేరు. ఫాదము అనగా మన 'బార'కు సరిపోవు ఆరడుగుల కొలత. ఏబది బారలు, 91 మీటర్ల పైచిలుకు, ఆనాడు అట్టి గాలిసీసాతో మునుగదగిన లోతునకు హద్దుగా తలచిరి. రోలెక్సు వారి 'సబ్‌మెరీనర్' కూడ 1953 నాటిదే, 1954 లో బాసెలు సంతలో అది పదిమంది కంటబడినది. కూస్తో బృందము తీసిన సముద్రచిత్రమునకు 1956 లో కాన్ చిత్రోత్సవమున అగ్రబహుమానము వచ్చినపుడు ఆ బృందమువారి చేతులకున్నవి ఫిఫ్టీ ఫాదమ్సులే. 1962 లో 'డాక్టర్ నో' చిత్రమున షాన్ కానరీ చేతికి సబ్‌మెరీనర్ ఉండెను. అంతటితో పనిముట్టు కాస్త షోకు వస్తువైనది.

ఇక ఇది ముసలిదగు విధము. ఎండ, ఉప్పు, పరమాణువు ఈ మూడును దానిపై పనిచేయును. ఎండ డయలు మీది నల్లరంగును గోధుమ వన్నెకు దించును. అన్నింటికిని ఇట్లు జరుగదు. ఆ రంగు కలుపుటలో ఏదో లోపమున్న వాటికే జరుగును. ఉష్ణదేశములలో ఎక్కువ తిరిగినవాని సొత్తు కాబోలునని, వేలము పాటలవారు దీనికి 'ట్రాపికల్ డయలు' అని ముద్దుపేరు పెట్టిరి. తిరుగుడు వలయములోని అల్యూమినియము రేకు నలుపు నుండి బూడిద వన్నెకు దిగును. ఉప్పు, ఇసుక, బండరాయి కలసి పెట్టె అంచులను అరగదీయును. గాజునకు బదులు వాడిన ప్లాస్టిక్కుపై గీతలు పడును.

పరమాణువు చేయు పని సూక్ష్మమైనది, చరిత్రలో దానికి గల వెనుకటి కథ దారుణమైనది. క్యూరీ దంపతులు 1898 లో రేడియమును కనుగొనిరి. రేడియపు లవణమును జింకు సల్ఫైడుతో కలిపి పూసినచో రాత్రియెల్ల తానై వెలుగునని తెలిసిన పిమ్మట, 1917 మొదలు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఆరెంజి పట్టణములో వందలాది బాలికలను కూర్చుండబెట్టి గడియారపు అంకెలు వ్రాయించిరి. కుంచె మొన సన్నగా నుండుటకు పెదవులతో దిద్దుకొనుమని వారికి నేర్పిరి. కొన్ని యేండ్లలో వారి పండ్లు రాలెను, దవడయెముకలు కుళ్లెను, నెత్తురు చచ్చెను. గ్రేస్ ఫ్రయ్యర్ అను యువతి మొదలగు ఐదుగురు 1927 లో దావా వేసిరి. 1928 లో కంపెనీ రాజీపడి సొమ్ము చెల్లించెను. కార్మికుల ఆరోగ్యమును గురించిన చట్టముల చరిత్రలో ఈ దావాకు పెద్ద స్థానమున్నది. ఆ తరువాతను రేడియము గడియారములకు పూయుచునే యుండిరి, పెదవులతో కుంచె దిద్దుట మాత్రము మానిపించిరి.

రేడియమునకు అర్ధాయువు 1,600 సంవత్సరములు. కాని దాని తాకిడికి జింకు సల్ఫైడు స్ఫటికములు కొన్ని యేండ్లలోనే చితికిపోవును. కనుక 1940 ప్రాంతపు గడియారము నేడు చీకటిలో వెలుగదు. గీగరు యంత్రమును దగ్గరకు తెచ్చినచో అది చిటపటలాడును. దీపము ఆరినను నిప్పు ఆరలేదన్నమాట. పెట్టెలో చాలకాలము కదలక పడియున్న గడియారమున ముల్లు నిలిచిన చోట డయలుపై ముల్లు ఆకారమున మాడిన మచ్చ యేర్పడును. ఏ తుంటరి చేతికిని ఆ మచ్చ సరిగా కుదురుట కష్టము. 1960 దశకమున రేడియమునకు భయపడి, అంతకంటె సౌమ్యమైన ట్రిషియమును వాడసాగిరి. ఆ మార్పు కాలమున బ్లాంపేన్ వారు కొన్ని డయలులపై రేడియో కిరణములు లేవని తెలుపు కొట్టివేత గుర్తును వేయించిరి. ట్రిషియము అర్ధాయువు 12 సంవత్సరముల పైచిలుకు. 1965 లో పూసిన పూతలో యేబది యేండ్లకు మిగులునది పదునారవ వంతు మాత్రమే. ఆ లోపున దాని తెల్లని రంగు మీగడ వన్నెకు, తేనె వన్నెకు, ఒక్కొక్కచోట పండిన గుమ్మడి వన్నెకు దిగును. రోలెక్సు వారు 1998 ప్రాంతమున దీనిని కూడ విడిచి, కిరణములే లేని జపాను పూతను చేపట్టిరి.

ఈ వన్నెలపై మోజు పుట్టుటకు కారణమొకటి కలదు. మునుగుడు గడియారము నౌకాదళపు సొత్తు. మరమ్మత్తునకు పోయినప్పుడెల్ల వాడిన డయలును, అరిగిన వలయమును తీసి క్రొత్తవి వేయుట అచటి రివాజు. కంపెనీలును అదే పని చేసెను, వారి దృష్టిలో రంగు వెలిసిన డయలు లోపము గల డయలు. కొన్నింటిని ప్రభుత్వములే నాశనము చేసెను. అమెరికా నౌకాదళమునకై టోర్నెక్-రేవిల్ అను పేరుతో తెప్పించిన ఫిఫ్టీ ఫాదమ్సు రకము గడియారములలో ప్రొమీథియము పూత యుండెను. అవి దొరకినవారు దగ్గరి సైనిక కేంద్రమునకు తిరిగి ఇయ్యవలెనని వెనుకమూతపై చెక్కించిరి. పనితీరిన పిమ్మట చాలభాగము వానిని అణుచెత్తగా పరిగణించి వదిలించుకొనిరి. కనుక ఎవరి చేతికిని చిక్కక, ఎవరు బాగుచేయక, పుట్టినప్పటి భాగములతోనే ముసలిదైన గడియారము కడు అరుదు. అరుదైన దానికి ధర పెరుగును, ధర పెరిగినదానికి నకలు పుట్టును. బ్రిటిషు రక్షణశాఖ 1970 దశకమున తన జలయోధులకిచ్చిన సబ్‌మెరీనర్లకు కత్తివంటి ముండ్లును, డయలుపై వృత్తములో 'టి' అక్షరమును, పట్టీ ఊడిపోకుండ అతికించిన కడ్డీలును ఉండెడివి. నేడు మామూలు సబ్‌మెరీనరునకు ఈ హంగులన్నియు తగిలించి సైనికుని సొత్తుగా అమ్మజూపువారు కలరు. అందులో యంత్రము నిజము, పెట్టె నిజము, కొలువు మాత్రము అబద్ధము.

ఇక నకలు గడియారమునకు ప్రాయము పోయువారి పని చూతము. డయలుపై అంకెల పూతను చిక్కని తేనీటితోనో కాఫీతోనో తడిపి మీగడ వన్నె తెత్తురు, లేదా ఆ రంగే కలిపిన క్రొత్త పూతను పూయుదురు. డయలును పొయ్యిసెగలో వేడిచేసి నలుపును గోధుమకు దింపుదురు. వలయపు రేకును బట్టలు తెల్లపరచు ద్రావకమున ముంచి వెలియింతురు. పెట్టె అంచుల పదును తీసి, ఉప్పుకాగితముతో రుద్దుదురు. తాళముచెవులతో కలిపి సంచిలో వేసి కుదుపువారు కూడ కలరు. ఇదంతయు తెలిసి చేసినచో ఆశ్చర్యపడదగినంత సహనమును, చేతినైపుణ్యమును అడుగు పనియే. తన బల్లపై తన చేతికొరకు చేసికొన్నవానిని నిందింపవలసిన పని లేదు. నాటకములో ముసలివేషము వేసినవాడు మోసగాడు కాడు గదా. అయితే డయలుపై మరియొకరి పేరుండినచో వేషము అక్కడనే చట్టము నతిక్రమించినది. అది సంతలోనికి వచ్చి, తాతగారు నౌకాదళములో ధరించినదని కథ తగిలించుకొన్న దినమున మోసము పూర్తియగును. వేరొక అపాయము గలదు. చూపునకు మునుగుడు గడియారమై, మూతలు విప్పి మరల బిగించిన ఆ నకలులో నీరు ఆపు పట్టీలు ఎట్లున్నవో పరీక్షించువారు తక్కువ. రెండవ చేతికి మారిన పిమ్మట దానిని నిజముగా నమ్మి నీటిలో దిగినవాని నిమిషములు ఎవరు లెక్కింతురు?

ఈ మోజును కంపెనీలే తమ లాభమునకు మలచుకొనిరి. ఒమేగా వారు 2014 లో తమ 1957 నాటి 'సీమాస్టర్ 300'ను మరల చేసినపుడు, క్రొత్త పూతకే పాత ట్రిషియపు రంగు కలిపిరి. 2021 లో విడుదలయైన జేమ్స్ బాండు చిత్రమున కథానాయకుని గడియారపు డయలును, వలయమును పుట్టుకతోనే గోధుమ వన్నెవి. ఇందు మోసము లేదు, అమ్మువాడు తన పేరుతోనే అమ్ముచున్నాడు. కాని పుట్టిననాడే నెరసిన తలతో పుట్టిన బిడ్డను చూచినట్లు నాకు తోచును.

ప్రాచీనతను చేతితో చేయుట గడియారములతో మొదలు కాలేదు. 1496 లో ఇరువది యొక్క యేండ్ల మైకెలాంజిలో నిద్రించు మన్మథుని పాలరాతి బొమ్మ నొకటి చెక్కెను. మట్టిలో పాతిపెట్టి తీసినచో రోమను కాలపు బొమ్మగా చెల్లునని ఒకరు సలహా చెప్పిరి. అది అట్లే ముసలిదై రోము చేరి, ఒక దళారి ద్వారా కార్డినల్ రియారియో కొనుగోలు చేసెను. నిజము తెలిసి కార్డినలు బొమ్మను త్రిప్పి పంపెను గాని, శిల్పిని మాత్రము రోమునకు రప్పించెను. మన దేశమున ఈ విద్యకు 'కూటశాసన' మని పేరుండెను. హర్షవర్ధనుని మధువన తామ్రశాసనములో, ఒక బ్రాహ్మణుడు కూటశాసనముతో గ్రామమును అనుభవించుచుండగా దానిని విరుగగొట్టించి, ఆ గ్రామమును వేరొక యిరువురికి ఇచ్చినట్లు కలదు. అది ఏడవ శతాబ్దము.

ఇరువదియవ శతాబ్దములో హాలండు చిత్రకారుడు హాన్ వాన్ మేగెరెన్ ఈ విద్యను రసాయనశాస్త్రముతో జోడించెను. మూడువందల యేండ్ల వెనుకటి వెర్మీర్ పేర చిత్రములు వ్రాసి, రంగులలో బేకలైటు రెసిను కలిపి పొయ్యిలో కాల్చి గట్టిపరచి, బట్టను కఱ్ఱకు చుట్టి పగుళ్లు తెప్పించెను. 1937 లో అతని 'ఎమ్మాసునందలి క్రీస్తు' చిత్రమును రాటర్‌డామ్ నగరపు ప్రదర్శనశాల కొనినది. యుద్ధానంతరము, జాతిసంపదయగు వెర్మీరు చిత్రమును నాజీలకు అమ్మినాడను నేరమునకు పట్టుబడి, ప్రాణభీతిచే తానే దానిని వ్రాసినానని ఒప్పుకొనెను. 1947 లో శిక్షపడిన కొలది వారములకే మరణించెను. ఆ తరువాతను కొందరు పండితులు 'ఎమ్మాసు' చిత్రము అసలైనదేయని వాదించుచు వచ్చిరి. 1968 లో బెర్నార్డ్ కైష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ వాదమును తీర్చెను. తెల్లరంగునకు వాడు సీసములో రేడియోధార్మికమైన ఒక రకపు సీసము అతిస్వల్పముగా నుండును. ఖనిజములో నున్నంతకాలము రేడియము దానికి కొరత లేకుండ చేయును. లోహమును కరగించి తీయునపుడు ఆ రేడియము చాలవరకు తొలగిపోవును. అంతటితో ఆ సీసము 22 యేండ్ల కొకమారు సగమగుచు తరుగసాగును. మూడువందల యేండ్ల చిత్రములో ఆ తరుగుదల యెప్పుడో ముగిసియుండవలెను. 'ఎమ్మాసు'లో అది యింకను ముగియలేదు.

గడియారపు పరీక్షకులు చేయునది కూడ ఇట్టిదే, చిన్న కొలతలో. అతినీలలోహిత దీపము క్రింద పాత ట్రిషియపు పూత ఒక్క క్షణము వెలిగి, దీపము తీయగనే ఆరును. నేటి పూత గంటల తరబడి వెలుగుచుండును. తేనీటిలో నానినది వన్నె మాత్రమే, పూత స్వభావము మారదు. గీగరు యంత్రము మౌనముగా నున్న 1940 నాటి 'రేడియము' డయలును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. అరుగుదలకు కూడ ఒక తర్కము గలదు. ధరించువాని చేయి యే ప్రక్క బల్లకు, గోడకు తగులునో ఆ ప్రక్క ఎక్కువ గీతలుండవలెను. ముండ్లపై పూతయు డయలుపై పూతయు ఒకే విధమున వాడనక్కరలేదు గాని, ఎండ తగలని చోట వెలిసిన రంగు కనబడినచో సంశయింపవలెను. దొంగపనిలో సాధారణముగా అన్ని ప్రక్కలును సమానముగా ముసలివగును.

పరీక్షలున్నవని మోసము ఆగినదనుకొనరాదు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్సు వేలమున, 1957 నాటిదిగా చూపబడిన ఒమేగా 'స్పీడ్‌మాస్టర్' ఒకటి 31 లక్షలకు పైగా స్విస్సు ఫ్రాంకులకు పోయినది. అది మునుగుడు గడియారము కాదు, వేగమును లెక్కించునది. అయినను దాని ఆకర్షణ అంతయు గోధుమవన్నెకు దిగిన డయలులోనే యుండెను. కొన్నవారు ఒమేగా సంస్థవారే, తమ ప్రదర్శనశాలకొరకు. 2023 లో తెలిసినదేమనగా, అది వేర్వేరు గడియారముల భాగములను కూర్చి నిలబెట్టిన అతుకుల బొంత. అందు తమ పూర్వోద్యోగులు ముగ్గురి ప్రమేయము కలదని సంస్థ ప్రకటించెను. పాతవన్నెను కాపాడవలసిన యింటిలోనే కన్నము పడినదన్నమాట.

మన దేశమున ఈ నడక తలక్రిందులుగా సాగినది. స్విట్జర్లాండునకు చెందిన ఫావ్ర్-ల్యూబా సంస్థ 1865 నుండి బొంబాయిలో గడియారములు అమ్మినది. బెంగుళూరులో 1961 లో జపాను సిటిజన్ సంస్థ సాయముతో హెచ్.ఎమ్.టి. గడియారముల తయారీ మొదలై, అనేక దశాబ్దములు సాగినది. ఈ పాత గడియారములు చేతులు మారి బొంబాయి చేరగా, అచటి పనివాండ్రు వాని డయలులను గీకి, పచ్చనివి, ఎఱ్ఱనివి, నీలివి క్రొత్త రంగులు వేసి విదేశీయులకు అమ్మజొచ్చిరి. వానికి అచటి సేకర్తలు 'బొంబాయి స్పెషల్' అని వెటకారపు పేరు పెట్టిరి. చింతపండుతో చెంబును తోమిన మన చేయియే ఇదియు. ముసలిదానికి పడుచు వేషము వేసినను, పడుచుదానికి ముసలి వేషము వేసినను పోవునది ఒక్కటే, ఆ వస్తువు యెక్కడెక్కడ తిరిగినదో చెప్పు ఆనవాలు. అయితే పనివానికి దక్కునది కొలది రూపాయలు మాత్రమే కావున, అతనిపై కోపము తెచ్చుకొనుటకు నాకు మనసొప్పదు.

ఫిఫ్టీ ఫాదమ్స్ చేయించిన జాఁ-జాక్ ఫిష్టరును గురించి ఒక మాట మిగిలినది. ఆయన గడియారముల వర్తకుడే కాక చరిత్రకారుడు, ఈజిప్టు పురావస్తువులయందు పండితుడు. పుట్టినది అలెగ్జాండ్రియాలోనే. 1980 లో కంపెనీ వ్యవహారములు విడిచిన పిమ్మట కలము పట్టి, 1993 లో ఒక నేరపరిశోధక నవల ప్రకటించెను. అందు ఒక ప్రచురణకర్త, పేరుపొందిన రచయితపై పగ తీర్చుకొనుటకు, ఆతని నవలకు మూలమైనదిగా చూపుటకై, ఎన్నో యేండ్ల పూర్వమే అచ్చయినట్లు కనబడు దొంగపుస్తకమును తయారుచేయించును. ఆ నవలకు ఫ్రాన్సులో నేరసాహిత్యమునకిచ్చు పెద్ద బహుమానము వచ్చినది, 1996 లో సినిమా కూడ అయినది. 2005 లో ఆయన ఈజిప్టు కళలోని నకలులను, నకలు చేయువారిని గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. 2022 లో మరణించెను. ఆ దేశమున లక్సరు ప్రాంతపు పనివాండ్రను గురించి యాత్రికులు చెప్పుకొను కథ యొకటి చాల ప్రసిద్ధము. క్రొత్తగా చెక్కిన పేడపురుగు తాయెత్తులను సీమకోళ్లకు మేతలో కలిపి మ్రింగించి, కడుపులోని ఆమ్లముచే నునుపు తగ్గి బయటపడిన పిమ్మట ఏరుకొని, ఫారో చక్రవర్తుల నాటివని దొరలకు అమ్ముచుండిరట.